పేరు కాలమ్

అబిడ్స్,
జూలై 1998

జిప్పోరా అక్కకు తమ్ముడి వందనాలు.

ఇంటికొస్తే బావ ఉంటాడని ఈ ఉత్తరం నా భార్య డోర్కాస్ చేతికిచ్చి నాంపల్లికి పంపుతున్నాను. మన చర్చి సంఘం సమాధుల రిజిస్టరును కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మా ఆఫీసుకే వచ్చింది. కమిటీ చెప్పినట్టే పేరు కాలమ్‌కు మూడు షరతులు పెట్టాను. ఖాళీగా వదలకూడదు, అంకెలు రాకూడదు, ఒకే కుటుంబంలో ఒకే పేరు రెండుసార్లు ఉండకూడదు. దేనికది న్యాయమే.

నిరుడు పేరు పెట్టకముందే పోయిన నీ బిడ్డను 'శిశువు' అని ఎక్కించాను. ఈ వేసవిలో పోయిన బిడ్డకూ అదే కొడితే కంప్యూటర్ తీసుకోలేదు. 'శిశువు 2' అన్నా తీసుకోలేదు. ఆదివారంలోగా ఎక్కకపోతే ఆ సమాధి చోటు ఖాళీ అని చూపిస్తుంది, ఇంకొకరికి ఇచ్చేస్తారు.

కార్యదర్శి మైకేల్ గారు, "బాప్తిస్మం గాని పిల్లలకు పేరేంది? ఏదో ఒకటి కొట్టెయ్" అన్నారు. నాకు చేతులు రాలేదు. బావ నిన్ను అడగొద్దన్నాడు. "పేరు పెడితే రోజూ పిలుచుకుంట ఏడుస్తది" అన్నాడు.

అయినా అడుగుతున్నాను. డోర్కాస్ చేతికి పేరు రాసివ్వు. ఒకటి కాదక్కా, రెండు రాసివ్వు. పెద్దబిడ్డ దగ్గర 'శిశువు' అన్నది కూడా తీసేస్తాను.

నీ తమ్ముడు