పటంలోని తెల్లాయన

కోట ఊళ్లో ఫోటోలు తీసే శివశంకర్‌కి పోలేరయ్య భార్య రాసేది.

నాయనా, స్టూడియో మూసి ఫోన్ కవర్లు అమ్ముతున్నావంట. కెమెరా మాత్రం అమ్మబాక.

మా ఇంట్లో ఆరు ఫోన్లున్నాయి. మా ఆయన చనిపోతే, పటం కట్టేదానికి మనవడు వినోద్ తన ఫోన్లో ఫోటో ఇచ్చినాడు. నలభై ఏళ్లు సముద్రం మీద ఎండకు మాడిన మనిషిని ఆ ఫోన్ పాలకోవా మాదిరి తెల్లగా చేసింది. కర్మంతరానికి ముత్తుకూరు నుంచి వచ్చిన మా ఆడబిడ్డ పటం చూసి, "ఈయనెవరొదినా, మా అన్న పటమేది?" అనింది. అప్పట్నుంచి పరాయి మగాడికి దండం పెడుతున్నట్టే ఉంది నాకు.

నాకూ గుండెదడగా ఉంది, ఎప్పుడేమవుతుందో. శుక్రవారం కెమెరా తీసుకుని రా. నా ముడతలు, నలుపు ఏదీ తీసెయ్యబాక. ఆ తెల్లాయన పక్కన నా పటం తగిలిస్తే జనం నవ్వుతారేమో, నవ్వనీ. మా ఆడబిడ్డ ఏడ్చేది మాత్రం నాకోసమే అయ్యుండాలి.