బిస్కెట్ల డబ్బాలో హబ్

రోరీ, గొర్రెల్ని దొడ్లో వేసి రాగానే ముందు ఇది చదువు, టీ తర్వాత. కొండవైపు మంటలు పెరిగాయని మా ఫైర్ దళానికి పిలుపొచ్చింది. నేను వెళ్తున్నాను.

ట్యాంకు నీళ్ల లెక్క నా ఫోన్‌కి పంపే ఆ హబ్‌ని బిస్కెట్ల డబ్బాలోంచి వెంటనే బయటికి తియ్యి. "రేకు డబ్బాలో పెడితే ఎలుకలు వైర్లు కొరకవు" అన్నావు. నిజమే, కొరకలేదు. కానీ ట్యాంకు సెన్సర్ సిగ్నల్ కూడా ఆ రేకు దాటి లోపలికి రావట్లేదు. నిన్నటి నుంచి నీళ్లెన్ని ఉన్నాయో నా ఫోన్లో కనబడటం లేదు. ఇంటిమీదికి నిప్పొస్తే ఆ నీళ్లే దిక్కు.

వంటింటి కిటికీలో, ట్యాంకుకు ఎదురుగా పెట్టు. ఫ్రిజ్ పక్కన మాత్రం వద్దు. యాంటెన్నా నిలువుగా ఉంచు. షెడ్డు రేకులు అడ్డొస్తే పై అరలోకి మార్చు. ఎలుకల భయముంటే వైరుకు తోటలో నీళ్లు పట్టే పాత గొట్టం ముక్క తొడుగు. నేను చెప్తే సణుగుడంటావు, అందుకే రాసి పెడుతున్నా.

తినడానికి మాంసం కూరిన 'మీట్ పై' ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకో. పొగ కంచె దాకా వస్తే ట్యాంకు నీళ్లు చల్లే పంపూ వద్దు, ఏమీ వద్దు. కుక్కని బండెక్కించుకుని వెళ్లిపో.

మెరిడిత్

అక్కడ ఫోనెత్తడం కుదరదు, చూడటం కుదురుతుంది. ట్యాంకు అంకె కనబడిందంటే నువ్వు ఇల్లు చేరినట్టే. అందాకా చూస్తూనే ఉంటాను.