శేషయ్య గీసిన అక్షరాలు

మంగళవారం రాత్రి, పొదిలి.

శేషయ్య మీద రాసిన వ్యాసం రేపు అచ్చుకు పంపాలి. మేమిద్దరం నడిపిన పత్రికను ముంచి, తప్పంతా నా నెత్తిన రుద్దినవాడికి ఇన్నేళ్లకు నా జవాబు. తీరా నా లైనక్స్ కంప్యూటర్లో తెరిస్తే, ఒత్తులు అక్షరాల కింద నిలవకుండా పక్కకు జారి, గాలికి లేచిన పత్తిలా తేలుతున్నాయి. కల్లాల్లోంచి వచ్చే మిరప ఘాటుకు కళ్లు మసకబారాయనుకుని తుడుచుకున్నాను. కోపంగా రాసిన వాక్యాలు కూడా నిద్రలో పలవరింతల్లా కనిపించాయి.

అదే కంప్యూటర్లో మా ఆవిడ సుశీల పేరున విడిగా ఉన్న అకౌంట్లో తెరిస్తే అంతా చక్కగా ఉంది.

"మీకొక్కరికే ఎందుకండీ ఈ వంకరలు?" అంది.

తేడా నా అకౌంట్లోనే ఉండాలని వెతికితే, నా ఫాంట్ల ఫోల్డర్లో ఒకే ఒక్క పాత ఫాంటు దొరికింది. మా పత్రిక కోసం శేషయ్య చేత్తో గీసి తయారుచేసింది. తెలుగంతా అందులోనే కనబడాలని ఎప్పుడో నేనే సెట్టింగు మార్చుకున్నాను. ఈమధ్యే ఎక్కించిన కొత్త లైనక్స్ సిస్టమ్‌లో దాని ఒత్తులు కుదరడం లేదు.

సుశీల నా భుజం మీదుగా చూసి నవ్వింది. "ఆయన్ని తిట్టడానికి ఆయన అక్షరాలే కావాల్సొచ్చాయా?"

ఫాంటు తీసేశాను. ఒత్తులన్నీ బుద్ధిగా కిందికి చేరాయి. కానీ 'ళ' చివర శేషయ్య తిప్పే ఆ చిన్న మెలిక లేకపోయేసరికి, పేజీ ఎవరో పరాయివాడు రాసినట్టు అనిపించింది.

మళ్ళీ పెట్టేశాను. వాణ్ణి క్షమించానని కాదు. వ్యాసం రేపు సుశీల అకౌంట్లో ఒకసారి సరిచూసుకుని అక్కణ్ణుంచే పంపుతాను, ఆమె పంపనిస్తే...