పేజీ పక్కన అక్క

2010 మార్చి 9

హోటల్‌లో నా పని కొంచెం మారింది. ఇంతవరకు రిజర్వేషన్ ఫోన్లు ఎత్తడమే. ఇవాళ మేనేజర్ హరిప్రసాద్ గారు పిలిచి కంప్యూటర్‌లో కొత్త టూల్‌బార్ చూపించారు. దాన్ని బ్రౌజర్‌లో పెట్టుకుంటే ఏ వెబ్‌సైట్ పక్కనైనా ఒక పట్టీ తెరుచుకుంటుంది. అందులో ఎవరైనా ఏమైనా రాయొచ్చు. టూల్‌బార్ ఉన్నవాళ్లందరికీ అది కనబడుతుంది. సైట్ మనదే అయినా చెరిపే అధికారం మనకు లేదు. మన గోడ మీద ఊరంతా రాస్తే ఎలా అండీ అని ఆయన బాధ. ఆయనది తెనాలి వైపు, మమ్మల్ని కూడా అండీ అంటారు. రోజూ పొద్దున మా పేజీల పక్కన ఎవరేం రాశారో చూసి చెప్పడం ఇక నా డ్యూటీ.

మార్చి 17

ఒకటే కామెంట్. సాంబార్ తియ్యగా ఉందట.

ఏప్రిల్ 3, ఉదయం 9.20

డ్యూటీలోనే ఇది రాస్తున్నాను.

స్విమ్మింగ్ పూల్ ఫొటో ఉన్న పేజీ పక్కన, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు: "ఈ నీళ్లున్న జాగల మా జొన్నచేను ఉండె. మంచె మీద నేను, మా చెల్లె పిట్టల కొట్టేటోళ్లం. దానికి వడిసెల తిప్పరాక రాయి దాని నొసట్లనే తాకింది. నెత్తురు సూసి నేనే ఎక్కువ ఏడ్సిన."

రాసినవాళ్ల పేరు లేదు. 'జొన్నకంకి' అని ఉంది.

నా కుడి కనుబొమ్మ మీద మచ్చ ఇప్పటికీ ఉంది. హోటల్ కట్టకముందు ఇది మా చేనే. ఆ రోజు అందులో ఉన్నది మేమిద్దరమే.

సంతోషి అక్క ఇల్లు విడిచి ఆరేళ్లు. గగన్‌పహాడ్ ఫ్యాక్టరీలో పనిచేసే జగదీశ్‌ను పెళ్లి చేసుకుంది. అతనిది వేరే కులం. అమ్మ అప్పటికే లేదు. బాపు వాకిట్లో నిలబడి, నాకు ఒక్కతే బిడ్డ అన్నాడు. అప్పటినుంచి ఆ ఒక్కతీ నేనే. అక్క పేరు మా ఇంట్లో మళ్లీ వినబడలేదు.

అదే రోజు, మధ్యాహ్నం

హరిప్రసాద్ గారు కూడా చూశారు. గెస్టులు చదివితే బాగుండదు, రిపోర్ట్ బటన్ నొక్కండి అన్నారు. నొక్కానని చెప్పాను. నొక్కలేదు. దాని కిందే ఇంకో కామెంట్ రాశాను: "అక్కా, నేను మంజులను. యాడున్నవ్?"

ఏప్రిల్ 4

లేదు.

ఏప్రిల్ 11

లేదు. అత్తాపూర్ మీదుగా బస్సులో పోతూ ప్రతి ఆడమనిషి నడక చూశాను. అక్క ఎడమకాలు కాస్త విసిరి నడిచేది. ఇప్పుడూ అట్లాగే నడుస్తుందా?

ఆగస్టు 26

వచ్చింది! దాదాపు ఐదు నెలలకు.

"మంజులా, బాపు మంచిగ తింటున్నడా? నాకో బిడ్డ. నన్ను ఎతకకుర్రి." అంతే.

పదిసార్లు చదివాను. నిజంగా వెతకొద్దనుకునే మనిషి జవాబే రాయదు కదా.

సెప్టెంబర్ 5, ఆదివారం

కాగితం మీద రాసుకొచ్చి బాపుకు చదివి వినిపించాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. తల ఎత్తలేదు. మొత్తం విని, "రాయి కాదు గది. మట్టి ఉండ. రాయైతే పిల్లలకు తగుల్తదని నేనే సేసిచ్చిన" అన్నాడు. అంతే, లేచి బయటికి పోయాడు.

పొద్దు గూకే వేళకు వచ్చాడు. "జర మొకం సూపి పొమ్మని రాయి బిడ్డా. ఎవరితోనొస్తదో రానియ్యి. నేనేమన" అన్నాడు.

సెప్టెంబర్ 6

ఆయన అన్నది అన్నట్టే రాశాను. ఒక్క అక్షరం మార్చలేదు.

సెప్టెంబర్ 8

హరిప్రసాద్ గారు నన్ను నిలబెట్టి దాన్ని కూడబలుక్కుంటూ పైకి చదివారు. "ఇది హోటల్ సైటండీ, మీ ఇంటి ఉత్తరాల డబ్బా కాదు" అన్నారు. నేను రాసింది నేను తీసేయగలను. తీసేయమన్నారు. తీయనన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన రేపటినుంచి లాండ్రీలోకి వెళ్లండి అన్నారు.

2011 జనవరి 20

లాండ్రీలో కంప్యూటర్ లేదు. డ్యూటీ దిగాక శంషాబాద్ బస్టాండ్ దగ్గరి ఇంటర్నెట్ సెంటర్‌కు పోతున్నాను. అక్క రాయలేదు. బాపు అడగడు. నేను ఇంట్లోకి వచ్చే తీరు చూస్తే చాలు ఆయనకు.

సెప్టెంబర్ 14

ఆ టూల్‌బార్‌ను డిసెంబర్‌లో మూసేస్తారట. జనం రాసినవన్నీ పోతాయట. అక్క రాసిన రెండూ ప్రింట్ తీయించుకున్నాను. తర్వాత నా ఫోన్ నంబర్ ఆ పట్టీలో పెట్టేశాను. లోకమంతా చూస్తుందని తెలుసు. చూడనీ.

అక్టోబర్ 30

ఇప్పటికి పంతొమ్మిది మంది ఫోన్ చేశారు. ఇద్దరు రూమ్ కావాలన్నారు. మిగతావాళ్లు ఆడగొంతు కోసం చేసేవాళ్లే. ఒకాయన మాత్రం, నాకూ ఒక చెల్లె ఉండె అని చెప్పి పెట్టేశాడు.

డిసెంబర్ 6

పట్టీ తెరుచుకోలేదు. పూల్ ఫొటో ఉంది. పక్కన ఏమీ లేదు.

డిసెంబర్ 18, ఆదివారం

ఫోన్‌లో చిన్నపిల్ల గొంతు. మా అమ్మ పక్కకే నిలబడ్డది, మాట్లాడుమంటే ఏడుస్తున్నది అని చెప్పింది. ఫోన్ బాపు చేతికిచ్చాను. తలకిందులుగా పట్టుకున్నాడు. సరిచేయబోతే నా చెయ్యి తోసేశాడు. అట్లాగే మాట్లాడాడు.