ఎడమ తీగ, కుడి తీగ

1967 మే 14, ఆదివారం

ప్రియమైన నా కూతురు కానిషాయ్‌కి,

ఇది తపాలామనిషి బూబీరా చేత రాయిస్తున్నాను. పద్దెనిమిదేళ్లుగా విమానం రెక్కలకు గుడ్డ కుడుతున్నాను. నా కుట్టు ఒక్కటి ఊడిందని ఎవడైనా అంటే నా ముందుకు రమ్మను. ఇప్పుడు కొత్త ఫోర్‌మన్ జపార్ వచ్చి, పక్కవాడి పనీ అందరూ నేర్చుకోవాలన్నాడు. నన్ను తోక తీగల మీద వేశాడు. పైలట్ కాలితో తొక్కితే తోకను తిప్పే రెండు ఉక్కు తీగలవి. అటుది ఇటు తగిలిస్తే కుడికి తొక్కినప్పుడు ఎడమకు తిరుగుతుంది. ఆ తర్వాత సంగతి నీకు చెప్పక్కర్లేదు.

పని ఎలా చేయాలో అట్ట మీద రాసింది చదివి, చేసి, సంతకం పెట్టాలట. సంతకం గీయడం తప్ప నాకు చదువు రాదని ఇక్కడెవరికీ తెలియదు. తెలిస్తే గెంటేస్తారు. అందుకే గుర్తుగా ఎడమ తీగకు ఎర్ర దారం కట్టుకున్నాను. నువ్వు భయపడకు. ఆ భయపడే పని నేను చేస్తున్నాను.

మీ అమ్మ ఊల్కాన్

మంగళవారం

ప్రియమైన అమ్మా,

గుడ్డ చిరిగితే కంటికి కనిపిస్తుంది. తీగ తప్పితే గాల్లోకి లేచాకే తెలుస్తుంది. నీకు దణ్ణం పెడతాను, సంతకం పెట్టకు.

నీ కానిషాయ్

బుధవారం

తల్లీ కానిషాయ్,

నీ ఉత్తరం అందేలోపే సంతకం పెట్టేశాను. టీ తాగి వచ్చేసరికి దారం లేదు. తీగల పని చేసే ఒమోర్ పీకి పారేశాడు. "ఇక్కడ పోగు కనిపిస్తే తీసేయాలి పెద్దమ్మా, ఇది మీ కుట్టుపని కాదు" అని నవ్వాడు. వాళ్ల పనిలో అది శుభ్రమట. చేతికి తోచినట్టు తగిలించాను. "అట్ట చదివారా?" అన్నాడు జపార్. "నీకంటే ముందే చదివాను" అన్నాను. పని సరిచూశామని నా కింద నలుగురు సంతకాలు పెట్టారు.

రేపు పొద్దున ఆ విమానం కొండ మీది మందలకు మందు తీసుకెళ్తుంది. నడిపే సాపర్‌బెక్‌కి పెళ్లై నెల కాలేదు. బూబీరా ఇది విని ఇక రాయలేనంటోంది.

అమ్మ

శుక్రవారం

ప్రియమైన కానిషాయ్,

నిన్న పొద్దున వెళ్లి విమానానికి ఎదురుగా నిలబడ్డాను. సాపర్‌బెక్ తల బయటపెట్టి అరిచాడు: "తప్పుకో పెద్దమ్మా, చచ్చిపోతావు!"

"చచ్చేది నువ్వురా, ఇంజను ఆపు!"

నాకు అక్షరం ముక్క రాదని అందరి ముందూ చెప్పాను. జపార్ పైలట్ చేత తొక్కించి తోక చూశాడు. కుడికి తొక్కితే కుడికే తిరిగింది. నేను సరిగ్గానే తగిలించాను. ఒమోర్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. "ఇలా తొక్కించి చూసి సంతకం పెట్టినవాడెవడు మీలో?" అన్నాను. నలుగురిలో ఒక్కడూ చూడలేదు. వెంటనే జపార్, కొత్తగా పని నేర్చినవాళ్లు తీగలు తగిలించిన విమానాలన్నీ ఆపించాడు. మూడోదాంట్లో కుడికి తొక్కితే తోక ఎడమకు తిరిగింది. అది మర్నాడు ఎగరాల్సింది. తగిలించినవాడూ, సంతకాలు పెట్టినవాళ్లూ అందరూ చదువుకున్నవాళ్లే.

నన్ను మళ్లీ గుడ్డల దగ్గరికి పంపారు. పని పోలేదులే. కానీ విమానం లేచే చప్పుడు వినిపిస్తే సూది ఆగిపోతోంది. అది కొండ దాటిపోయేదాకా మళ్లీ గుచ్చలేకపోతున్నాను.

మీ అమ్మ ఊల్కాన్