పశువుల పాకలో పాచి

1997 ఆగస్టు 10, ఆదివారం

పొద్దున పూజ అయ్యాక జనమంతా వెళ్ళేదాకా చర్చి వెనకే తచ్చాడాను. నీళ్ళ ట్యాంకు కారి కారి ఆ గోడకి మోకాలెత్తు పాచి పట్టింది. నందిగామంతా దాన్ని పాచి అంటుంది. నేను ఇంగ్లీషులో మాస్ అంటాను, పూలు పూయని బుల్లి మొక్కలు. నా ఎం.ఫిల్ అదే.

ఈ ఊళ్ళో నేను చూసిన మొక్కలన్నీ ఆడవే. ఒక్క కాయ లేదు. ముక్క తెగిపడి, మళ్ళీ మొలిచి, అలా పాకుతూ పోయింది. ఈ గోడంతా బహుశా ఒక్కతే. జగ్గయ్యపేట సున్నపురాయి క్వారీ దగ్గర దొరికినవన్నీ మగవే. అవి వేరు, ఇవి వేరు, రెండూ రెండు స్పీషీస్ అంటారు మా గైడు శ్రీమన్నారాయణ గారు. రెండూ ఒకటే, ముప్పై కిలోమీటర్ల దూరాన విడిపోయిన ఆడా మగా అంటాను నేను. అయితే కాయ చూపించమ్మా, కాయలోంచి మొలకలు రావాలి, వాటిలో సగం ఆడ సగం మగ ఉండాలి, అప్పుడు సంతకం పెడతా అన్నారు నవ్వుతూ. ఆ నవ్వు నాకు అస్సలు నచ్చలేదు.

ఇప్పటికే రెండు ఎక్స్‌టెన్షన్లు అయిపోయాయి. వచ్చే ఏడు సెప్టెంబర్ ముప్పై దాటితే రిజిస్ట్రేషన్ పోతుంది. జూనియర్ కాలేజీలో పార్ట్ టైమ్ పాఠాలు చెప్పుకుంటూ చేసిన ఆరేళ్ళ చాకిరీ గంగలో కలిసిపోతుంది.

ఇంట్లో గాజు డిష్‌లలో పెంచినవన్నీ మే ఎండకి మాడిపోయాయి. అందుకే ఇవాళ గోడ మీదే చేశాను. పేట మగ మొక్కల్ని నానబెట్టి, ఆ నీళ్ళు డ్రాపర్‌తో ఎడమవైపు ఆడ మొక్కల మీద చుక్క చుక్కగా వేశాను. స్పెర్మ్ ఈదడానికి చుక్క నీరు చాలు. కుడివైపు ఉత్త నీళ్ళు వేశాను.

ఏం చేస్తున్నావే అని అమ్మ అడిగింది. ప్రాజెక్టు అన్నాను. చర్చి గోడ మీద ఆడా మగా కలుపుతున్నానని మా అమ్మ లూర్దమ్మతో ఎలా చెప్పను?

అక్టోబర్ 19

ఎడమవైపు వెంట్రుకల్లాంటి కాడలు లేచాయి. రెండుసార్లు లెక్కపెట్టాను. పదిహేడు. కుడివైపు సున్నా.

నవంబర్ 30

కాడల చివర కాయలు. ఇంకా పచ్చివే. ఎర్రబడ్డాక, మూత ఊడకముందే కొయ్యాలి. ఊడిందంటే లోపలి స్పోర్లు, విత్తనాల్లాంటి పొడి, గాలికి పోతాయి. క్రిస్మస్‌కి అటూ ఇటూగా అవుతాయి.

ఈ ఏడు చర్చికి సున్నం ముందువైపే వేస్తామని, అక్కడి పనులు చూసే ఉపదేశి ప్రేమానందం గారు చెప్పారు. వెనకవైపు కాదు కదండీ అని రెండుసార్లు అడిగాను. ఎందుకమ్మా అన్నారు. ఊరికే అన్నాను.

డిసెంబర్ 9

క్లాసులో మాస్ చెప్పాను. మనిషికి ప్రతి జీనూ రెండు కాపీలు. ఒకటి పాడైతే రెండోది కప్పిపుచ్చుతుంది. మాస్ మొక్కకి ఉన్నది ఒకటే సెట్. ఏది ఉంటే అది బయటికి కనబడాల్సిందే. కాయకీ కాడకీ మాత్రం రెండు సెట్లు, అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. స్పోర్లు తయారయ్యేటప్పుడు అవి మళ్ళీ విడిపోతాయి, ఆడ ఇటు, మగ అటు. వెనక బెంచీ యామిని, అంత చిన్నదానికి అంత సంసారమా మేడమ్ అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

డిసెంబర్ 20, సాయంత్రం

గోడ మీద ఏమీ లేదు. తాపీతో నున్నగా గీకేశారు.

ఇంటికి పరిగెత్తాను. అమ్మ సంబరంగా చెప్పింది. ఈసారి చర్చిలో యేసు పుట్టిన పశువుల పాక కట్టే పని ఆడవాళ్ళ సంఘానికి ఇచ్చారట. గడ్డి బదులు పచ్చటి పాచి పరుద్దామన్నది తనేనట. నువ్వు రోజూ దాన్ని అంత మురిపెంగా చూస్తావు కదా, బాలయేసు పక్కన పెడితే నీ కళ్ళకి బావుంటుందనుకున్నానే అంది.

నేనన్న మాట రాయకూడదనుకున్నాను. రాస్తాను. నీకెలాగూ చదువు లేదు, నాకూ లేకుండా చేశావు అన్నాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతూనే ఉంది.

డిసెంబర్ 21, ఉదయం 6

పాక చూశాను. పాచిని పలకలు పలకలుగా పరిచారు. బొమ్మ గొర్రెపిల్లల కాళ్ళ సందుల్లో నా కాడలు. తొమ్మిదే మిగిలాయి. పైన సీరియల్ బల్బులు. ఆ వేడికి ఎండితే కాయలు ముందే పగులుతాయి. జనవరి నాలుగు, ముగ్గురు రాజుల పండుగ దాకా పాకని ఎవరూ ముట్టుకోకూడదట.

డిసెంబర్ 23

రోజూ రెండు పూటలా వెళ్ళి మోకరించి, తడి రుమాలు పిండి వస్తున్నాను. రూబీకి భక్తి ముదిరిందని వీధిలో అనుకుంటున్నారట. అనుకోనీ.

డిసెంబర్ 25, మధ్యాహ్నం

ఆరు ఎర్రబడ్డాయి. రెండిటికి అప్పుడే మూతలు ఊడాయి. ఇక ఆగలేకపోయాను. జనం కేకు దగ్గర ఉండగా ఫోర్సెప్స్‌తో నాలుగు కోసి కవర్లో వేశాను. ఇంకేమైనా ఉన్నాయేమోనని వంగేసరికి వెనక జయమణి అత్త. సంఘానికి ప్రెసిడెంటు. పండగ పూట బాలయేసు దగ్గర ఏం దొంగిలిస్తున్నావే అంది. ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. వాళ్ళలో అమ్మ. ఐదు రోజులుగా నాతో మాటల్లేవు. తల దించుకుంది.

ఆ తల చూశాక నోరు తెరిచాను. అన్నీ చెప్పేశాను. ఆడవి ఇక్కడివని, మగవి జగ్గయ్యపేటవని, నీటి చుక్కలో ఈదుకుంటూ వెళ్ళాయని, ఇవి వాటి కాయలని, ఇవి పోతే నా ఆరేళ్ళూ పోతాయని. జయమణి అత్త నన్నూ కవర్నీ మార్చి మార్చి చూసి, అయితే పెళ్ళికొడుకు పేట వాడన్నమాట, ఆ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చు కదే, తెలిస్తే గీకుతామా అంది.

అమ్మ వెళ్ళి బల్బుల ప్లగ్గు పీకేసింది. తిరిగొచ్చి ఒంటె బొమ్మ వెనక వేలు పెట్టి చూపించింది. అక్కడ ఇంకో కాయ, ఎర్రగా, మూతతో. నేను లెక్కపెట్టనిది.

1998 మార్చి 8

వంటింట్లో, నీళ్ళ బిందెల పక్కన చల్లగా ఉంటుందని స్పోర్లు చల్లిన డిష్‌లు అమ్మే పెట్టించింది. పచ్చటి దారాల్లా మొలకలు వచ్చాయి. పొద్దున్నే వంగి చూసి, పిల్లలు లేచారే అంటుంది. ఆ రోజు అన్న మాటకి సారీ చెప్పాలి. ఇంకా చెప్పలేదు.

జూన్ 2

కరెంటు లేదు, నీళ్ళు లేవు. సగం డిష్‌లు పోయాయి. ఏడ్చాను.

సెప్టెంబర్ 24

బతికినవాటిని ఒక్కొక్కటే మైక్రోస్కోపు కింద విప్పి చూశాను. ఆడ అంటే అమ్మ కాయితం మీద ఎడమవైపు గీత గీసింది, మగ అంటే కుడివైపు. నేను కూడితే నలభై ఐదు వచ్చింది. అమ్మ నలభై ఆరంది. మళ్ళీ కూడాను. అమ్మదే కరెక్టు. ఆడ ఇరవై నాలుగు. మగ ఇరవై రెండు.

నీకు చదువు లేదన్నాను చూడు, తప్పయిందమ్మా అన్నాను. ఆ కాయితం జాగ్రత్తగా పెట్టుకో అంది.

గైడు గారికి ఫోన్ చేశాను. అంకెలు మళ్ళీ చెప్పించుకున్నారు. తర్వాత, సంతకానికి సోమవారం రామ్మా అన్నారు. ఈసారి నవ్వలేదు.

డిసెంబర్ 13

నిరుడు పండుగ అయ్యాక పాకలోని పాచిని చర్చి పంపు పక్కన పారేశారు. అక్కడ కాయలు. గుత్తులు గుత్తులుగా. నేను ఒక్క చుక్క వెయ్యలేదు. రాలిన స్పోర్లే ఆడా మగా మొలిచి, వాటంతట అవే కలిశాయి.

చెబుదామని ఇంటికి పరిగెత్తాను. అమ్మ నవంబర్లోనే చూసిందట. ఈసారి ఎవరూ గీకకుండా తాపీ దాచేసిందట.