చౌరస్తాలో కట్టిన నా ఆధార్ నంబరు

శ్రీయుత ప్రాంతీయ అధికారి గారికి,
సైబర్ అవగాహన విభాగం, ఎల్బీ నగర్.

అయ్యా,

విషయం: ప్రజలకు సైబర్ భద్రత నేర్పు నిమిత్తం తమ కార్యాలయం వారు నా పూర్తి వివరాలను ఫ్లెక్సీ మీద అచ్చువేసి ఎల్బీ నగర్ చౌరస్తాలో కట్టినందున, దానిని తక్షణమే దింపించుట గురించి.

అర్జీదారు లింగస్వామి, దస్తావేజు లేఖరి. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫోన్, ఆధార్ నంబర్లు ఇక్కడ రాయడం లేదు. సదరు ఫ్లెక్సీలో చూసుకోగలరు. అక్షరాలు పెద్దవే, సిటీ బస్సులోంచి కూడా కనబడతాయి.

1. గత నెల దిల్‌సుఖ్‌నగర్ ఫంక్షన్ హాల్లో తమరు జరిపిన అవగాహన సదస్సుకు నేను హాజరైతిని. శత్రుదేశపు హ్యాకర్లు మన కరెంటు గ్రిడ్ మీద కన్నేశారని వక్తగారు గంటన్నర సెలవిచ్చారు. "మీ వివరాలు ఎవరికీ ఇవ్వకండి" అని మైకులో చెబుతుండగానే వరుసల వెంట ఒక రిజిస్టరు తిరిగింది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫోన్, ఆధార్. అందరమూ రాశాం. ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాసిన చేయి కనుక నేను గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా రాశాను.

2. సదస్సు చివర సైబర్ భద్రత ప్రతిజ్ఞ చేసిన నలభై ఎనిమిది మందికి 'సైబర్ యోధులు' అని బిరుదిచ్చి, ఫొటోలతో ఫ్లెక్సీ వేయించారు. రిజిస్టరులో ఉన్నదంతా ఫొటోల కింద దించారు. పైన 'మీ సమాచారం మీ ఆస్తి' అని ఎర్రక్షరాలు. మొదటి రోజు నేను కూడా దాని కింద నిలబడి సెల్ఫీ దిగి బంధువులకు పంపాను. నా తెలివికి వేరే బిరుదు ఇవ్వవచ్చు.

3. మర్నాటి నుంచి రోజుకు ముప్పై నలభై కాల్స్. ఒకడు ముంబై పోలీసు, ఒకడు కస్టమ్స్. అందరికీ నా తండ్రి పేరు తెలుసు. నంబరు మార్చుకోమని తమరు సలహా ఇవ్వగలరు. కుదరదు. నా భార్య యాదలక్ష్మికి రెండు కిడ్నీలూ పోయాయి. నాలుగేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. కిడ్నీ కోసం ఆసుపత్రి జాబితాలో ఆమె పేరుంది, పేరు పక్కన నా నంబరుంది. కిడ్నీ దొరికితే ఎవరి ఫోన్ నుంచి, ఏ క్షణాన కాల్ వస్తుందో తెలియదు. నంబరు మార్పించే ఆ నాలుగు రోజుల్లోనే వస్తే? అందుచేత ప్రతి దొంగకూ వినయంగా హలో చెబుతున్నాను. నేను నోరు జారితే యాదలక్ష్మి ఆపుతుంది. "జర తిట్టకు. అండ్ల ఒకడు దవాఖానోడు ఉంటడేమో."

4. తమ కార్యాలయానికి వచ్చి సూపరింటెండెంట్ త్రినాథరావు గారిని కలిశాను.

"వివరాల్లేకుండా వేస్తే వీళ్లు నిజమైన మనుషులో కాదో జనానికి ఎలా తెలుస్తుందండీ? పారదర్శకత ఉండాలి కదండీ" అన్నారు.

"సారూ, నా ఆధార్ నంబరు చౌరస్తల కట్టుడేనా పారదర్శకత?"

"రాసివ్వండి, చూద్దాం."

రాసిచ్చాను. కిడ్నీ సంగతి, ఆసుపత్రి పేరుతో సహా. సాయంత్రానికల్లా ఆ అర్జీ ఫొటో తమ వాట్సాప్ గ్రూపులో ప్రత్యక్షమైంది, 'పౌరుల సమస్యలపై తక్షణ స్పందన' అనే శీర్షికతో. ఆ గ్రూపు లింకు కూడా ఫ్లెక్సీ మీదే ఉంది కనుక ఎవడైనా చేరవచ్చు, చేరారు కూడా. మర్నాటి నుంచి దొంగలు కస్టమ్స్ మానేసి, "సార్, కిడ్నీ వచ్చింది, ఓటీపీ చెప్పండి" అంటున్నారు. మొదటిసారి నమ్మి, ఓటీపీ చెప్పేసి, యాదలక్ష్మిని ఆటోలో ఎక్కించుకుని పోయాను. దారిలో ఆమె నవ్వింది. అబద్ధమని ఆసుపత్రి మెట్ల దగ్గర తెలిసింది. శత్రుదేశం వాడు ఎన్ని గ్రిడ్లు కూల్చినా నా ఇంటికి ఇంత పని చేయలేడు.

5. ఈ నెల తొమ్మిదిన ఉదయం, యాదలక్ష్మి మా పేట డయాలసిస్ సెంటరులో మంచం మీద, నేను బయట బల్ల మీద ఉండగా, పదకొండోసారి కిడ్నీ వచ్చింది. ఒక స్త్రీ గొంతు. "లింగస్వామి గారేనా అండీ? రెండు గంటల్లో రాగలరా?" ఓటీపీ అడిగేదాకా నేను ఆగలేదు. రాయరాని మాటలు అని, కట్ చేసి, ఆ నంబరు బ్లాక్ చేశాను. మూడు రోజుల తర్వాత జాబితా ఉన్న ఆసుపత్రికి పరీక్షలకు పోతే, ఆ జాబితా చూసే కోఆర్డినేటర్ అమల గారు నన్ను పక్కకు పిలిచారు. "ఆ రోజు అంతలేసి మాటలన్నారేంటండీ? మళ్లీ ఎన్నిసార్లు చేసినా కలవలేదు." కిడ్నీ జాబితాలో తర్వాతి వారికి వెళ్లింది. మూసారాంబాగ్ మనిషట, కోలుకుంటున్నారట. ఆయన చల్లగా ఉండాలి. నాకు మాత్రం అన్నం సహించడం లేదు.

కావున సదరు ఫ్లెక్సీని దింపించి, గ్రూపును మూయించి, దేశాన్ని ఆ తర్వాత తీరిగ్గా కాపాడవలసిందిగా ప్రార్థన. చిత్తగించవలెను. ఇలా రాయడం నా వృత్తి అలవాటు. తమకు తీరిక లేకపోతే ఒక నిచ్చెన పంపించండి, నేనే ఎక్కి దింపుకుంటాను.

తమ విధేయుడైన సైబర్ యోధుడు,
లింగస్వామి
(మూడో వరుస, ఎడమ నుంచి రెండో ఫొటో)

తా.క.: సార్, ఐదో నంబరుల రాసింది యాదలక్ష్మికి తెల్వదు. ఇప్పటికీ ఫోన్ మోగినప్పుడల్లా నా మొకం దిక్కు చూస్తది. మీ గ్రూపుల ఆమె గూడ ఉన్నది. గీ అర్జీ జర అండ్ల పెట్టకుండ్రి సార్, మీ కాళ్లు మొక్కుత.